తాగలేదు బాబాయ్, రుచి చూశాం

తాగడం వేరట, రుచి చూడడం వేరట. ఈ తేడా తెలియక పల్నాడు ఇన్నాళ్లూ అజ్ఞానంలో బతికేసింది. ఇప్పుడు ఆ జ్ఞానం సంక్రాంతి సెలవులకు శంషాబాద్‌లో విమానం దిగి, ఇన్నోవా ఎక్కి, అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు పట్టుకుని నరసరావుపేట చేరుతోంది. అమెరికాలో ఉండే ఆలుమగలిద్దరూ పెళ్లిరోజుకి కారేసుకుని కాలిఫోర్నియాలో నాపా లోయంతా తిరిగారట. ద్రాక్షతోటలట, వైనరీలట. ఆ కబురు వసారాలో విప్పగానే బాబాయ్ కనుబొమలు ముడిపడతాయి. సంజాయిషీ ముందే సిద్ధంగా ఉంటుంది: "తాగలేదు బాబాయ్, రుచి చూశాం. అది మందు కాదు, కల్చర్."

ఇలాంటి జంట ఒక్కటే అయితే నేను కలం పట్టేవాణ్ణి కాదు. నరసరావుపేటలోనే బరంపేటలో ఒకటి, ప్రకాశ్‌నగర్‌లో ఒకటి, మాచర్లలో మరొకటి. కబురు ఒకటే, సంజాయిషీ ఒకటే, ఆఖరికి గ్లాసుని సూర్యుడికి ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూసే ఫొటో కూడా ఒకటే. కాబట్టి నేను చెప్పబోయే అబ్బాయిదీ అమ్మాయిదీ ఇంటిపేరు వెతక్కండి. వాళ్లు చాలామంది.

బాబాయ్‌కి తెలిసిన లెక్కలో గొంతు దిగితే తాగినట్టు, దిగకపోతే పుక్కిలించినట్టు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. నాపాలో ప్రతి వైనరీలోనూ ఉమ్మేయడానికని ఒక పాత్ర పెడతారు. రుచి చూడడమే వృత్తిగా ఉన్నవాళ్లు నోట్లో పోసుకుని, తిప్పి, అందులో ఉమ్మేస్తారు. లేకపోతే మధ్యాహ్నానికల్లా వాళ్లకు ఏ గ్లాసు ఏదో తెలియదు. మనవాడు ఉమ్మడు. మనిషికి 75 డాలర్లు కట్టి, దాన్ని నోటిదాకా తెచ్చుకుని, బొక్కెనలో పోస్తాడా? అమెరికా పౌరసత్వం వచ్చినా పల్నాటి రక్తం ఒప్పుకోదు.

ఇక లెక్కకొద్దాం. ఒక్కో వైనరీలో నాలుగైదు రకాలు పోస్తారు. ఒక్కోటీ ఔన్సు, అంటే 30 మిల్లీలీటర్లు. ఐదు రకాలకు 150. నాపా కాబెర్నే వైన్‌లో ఆల్కహాలు నూటికి 14 పాళ్లయినా ఉంటుంది. అంటే ఒక వైనరీ గేటు దాటేసరికి ఒంట్లో చేరిన అసలు సరుకు 21 మిల్లీలీటర్లు. రోజుకి నాలుగు వైనరీలు తిరిగితే 84. ఇప్పుడు మన నరసరావుపేట మల్లమ్మ సెంటర్లో అమ్మే క్వార్టర్ సీసా తీసుకోండి. అందులో ఉండేది 180 మిల్లీలీటర్లు, ఘాటు 42.8 శాతం. అసలు సరుకు 77. రుచి చూసినవాడు తాగినవాణ్ణి 7 మిల్లీలీటర్ల తేడాతో ఓడించాడు. ఓడినవాడి పేరు తాగుబోతు, గెలిచినవాడి పేరు రసికుడు.

రోడ్ ట్రిప్ అన్నారు కదా, మరి కారెవరు తోలారు? ఈ ప్రశ్న ఒక్కరూ అడగరు. కాలిఫోర్నియాలో రక్తంలో ఆల్కహాలు 0.08 శాతానికి చేరితే కేసు. మన చట్టం ఇంకా గట్టిది, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదు. కాబట్టి జంటలో ఒకరికి ఆ రోజు ఉపవాసం. ఆ ఒకరెవరో చెప్పక్కర్లేదు. అమ్మాయి స్టీరింగు ముందు, అబ్బాయి పక్కసీట్లో. ఆమె మలుపులు చూసుకుంటుంటే ఆయన కళ్లు మూసుకుని, మింగిన తర్వాత రుచి నాలుక మీద ఎంతసేపు నిలబడిందో గమనిస్తుంటాడు. పెళ్లిరోజు ఇద్దరిదీ. టిక్కెట్టు కూడా ఇద్దరికీ కొన్నారు. ఆమె వాటాకి వచ్చిన గ్లాసులు ఏమయ్యాయంటారా? డబ్బు దండగ చేయడం ఇష్టంలేక అవి కూడా ఆయనే రుచి చూశాడు. పైన చెప్పిన 84ని రెండుతో గుణించుకోండి.

ఫొటోల పంపకంలో మాత్రం ఇద్దరి తెలివీ చూడాల్సిందే. స్నేహితుల గ్రూపుకి గ్లాసు ఫొటోలు. కుటుంబం గ్రూపుకి తోట ఫొటోలు, కింద "ఇక్కడ ద్రాక్ష బాగా పండుతుంది" అని వ్యవసాయ సమాచారం. అత్తగారికి గుత్తులు కనబడతాయి, గ్లాసులు కనబడవు. కల్చర్ అని అంత ధీమాగా చెప్పేది సొంత అత్తగారికి చూపించడానికి ఎందుకు చేతులు రావో నాకు బోధపడదు. కూచిపూడి నేర్చుకున్నవాళ్లెవరూ ఫొటో కత్తిరించి పంపరే!

నేను మందుకి వకాల్తా పుచ్చుకోలేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు ఎందుకు మూయించారో తెలిసిన రాష్ట్రం మనది. 1995 జనవరిలో మద్యనిషేధం పెట్టి 1997లో ఎత్తేసిన రాష్ట్రం కూడా ఇదే. తాగడం మంచిదని ఎవరూ చెప్పక్కర్లేదు, చెడ్డదని నేనూ కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్లు వెళ్లారని కూడా నాకు బాధ లేదు. సంపాదించుకున్నారు, తిరిగారు. నాకు మింగుడుపడనిది ఆ "తాగలేదు" ఒక్కటే.

ఎందుకంటే మద్యం కోసం పొలిమేర దాటిన జంటలు పల్నాడుకి కొత్త కాదు. 2019 అక్టోబరులో మద్యం కొట్లన్నీ సర్కారు చేతికి వెళ్లాయి. ధరలు చుక్కలెక్కాయి. అలవాటైన పేర్లు మాయమై బూమ్ బూమ్, ప్రెసిడెంట్ మెడల్ లాంటి పేర్లు వచ్చాయి. కృష్ణ దాటితే నల్లగొండ జిల్లా, అక్కడ పాత పేర్లు, తక్కువ ధరలు. దాచేపల్లి వాళ్లకి పొందుగుల వంతెన అవతల వాడపల్లి. మాచర్ల వాళ్లకి సాగర్ అవతలి ఒడ్డు. వెనక సీట్లో భార్య కూర్చుని ఉంటే చెక్‌పోస్టు దగ్గర అనుమానం తగ్గుతుందని నమ్మిన మొగుళ్లున్నారు. అది కూడా ఆలుమగల ప్రయాణమే. నది ఒడ్డు, సాయంత్రం ఎండ, రెండు పక్కలా పచ్చని పొలాలు, గమ్యస్థానంలో సీసాలు. మూడు సీసాల దాకా తెచ్చుకోవచ్చని 2020 సెప్టెంబరులో హైకోర్టు అంటే, మరుసటి నెలలోనే సర్కారు ఉత్తర్వు మార్చి పర్మిట్ లేకుండా కుదరదంది.

ఆ జంటలెవరూ దారిలో ఫొటోలు దిగలేదు. దిగినవాళ్లు పోలీస్ స్టేషన్లో దిగారు. ముందు బల్ల, బల్ల మీద వరసగా పేర్చిన సీసాలు, వెనక తలవంచుకుని వాళ్లు, పక్కన ఠీవిగా అధికారులు. పట్టుబడ్డ సరుకుని నేలమీద పరిచి రోడ్డు రోలర్‌తో తొక్కించారు. నాపాలో కూడా తొక్కిస్తారు. అక్కడ తొక్కేది ద్రాక్షపళ్లని, సొంత కాళ్లతో, టిక్కెట్టు కొనుక్కుని. 2024 అక్టోబరులో సర్కారు కొట్లు పోయి 3,396 ప్రైవేటు కొట్లకి లాటరీ తీశారు. తిరిగిరాని దరఖాస్తు రుసుమే 2 లక్షలు. వాడపల్లి యాత్రల అవసరం తగ్గింది. శంషాబాద్ నుంచి ఇన్నోవాలో వచ్చే మన రసికుడు దాటేది ఆ పొందుగుల వంతెనే. దాని చరిత్ర ఆయనకెవరూ చెప్పరు.

రుచి చూసినవాళ్లకి కొత్త భాష కూడా వస్తుంది. గ్లాసు తిప్పి, ముక్కు లోపలికంటా పెట్టి, అబ్బాయి కళ్లు తెరిచి చెబుతాడు: "తోలు వాసన వస్తోంది. కొంచెం పొగాకు. అడుగున ఎక్కడో పశువుల దొడ్డి." ఇవి తిట్లు కావు, పొగడ్తలు. పొగాకు వాసన కోసం గుంటూరు జిల్లా బిడ్డ పసిఫిక్ మహాసముద్రం దాకా పోవాలా? పొగాకు బోర్డు కార్యాలయం ఉన్నదే గుంటూరులో. ఇక పశువుల దొడ్డి. చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో గేదెల కొట్టం దగ్గరికొస్తే చొక్కా ఎత్తి ముక్కు మూసుకున్నవాడే ఇతను. ఆ వాసన బ్రెట్టనోమైసెస్ అనే ఈస్టు వల్ల వస్తుంది. కొందరు దాన్ని దోషమంటారు, కొందరు విశేషమంటారు. ఏది అనాలో సీసా ధర చూసి తేల్చుకోవచ్చు. తోలు సంగతికొస్తే, ఆ వాసన చేతులకి అంటిన మనుషుల్ని ఊరి బయట ఉంచిన నేల మనది. బ్రహ్మనాయుడు అందర్నీ ఒక చాప మీద కూర్చోబెట్టి కూడు పెట్టాడని ఇప్పటికీ కథ చెప్పుకుంటున్నామంటే, అది ఎంత అరుదో తెలుస్తూనే ఉంది. గ్లాసులో పడితే మాత్రం తోలుకి వంశగౌరవం వచ్చేస్తుంది.

ఈ ముక్కుల్ని పరీక్ష పెట్టినవాళ్లు లేకపోలేదు. నాపాకి పేరొచ్చిందే ఒక పరీక్ష వల్ల. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లిషు వ్యాపారి, ఏ సీసా ఏదో చెప్పకుండా ఫ్రెంచి నిపుణులకు గ్లాసులిచ్చాడు. తెల్లదానిలో, ఎర్రదానిలో రెండింటిలోనూ మొదటి స్థానం నాపా వైనరీలకే పడింది. పేరు తెలిసుంటే వేసేవాళ్లు కాదు. ఆ తర్వాత కాలిఫోర్నియాలోనే రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ప్రొఫెసరు, ఆయనకి సొంతంగా చిన్న వైనరీ కూడా ఉంది, రాష్ట్ర పోటీల న్యాయనిర్ణేతల మీద పరీక్ష చేశాడు. ఒకే సీసాలోది మూడు గ్లాసుల్లో పోసి, మిగతావాటి మధ్యలో కలిపి, చెప్పకుండా ఇచ్చాడు. మూడింటికీ దాదాపు ఒకే స్థాయి మార్కు వేయగలిగినవాళ్లు పదిమందిలో ఒకరు. 2008లో అచ్చయిన లెక్క ఇది. ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్నవాళ్ల సంగతే ఇది. శనివారం పొద్దున మొదలెట్టి ఆదివారం సాయంత్రానికి రసికుడైన మనవాడి ముక్కు గురించి నేనేం చెప్పను!

ముక్కంటే గుంటూరు యార్డులో మిర్చి కొనే వ్యాపారిది. టిక్కీ బస్తాలో మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్న కాయ లాగి, చెవి దగ్గర ఆడించి గింజ చప్పుడు వింటాడు. తొడిమ తుంచి చూస్తాడు. చీల్చి రంగు చూస్తాడు, వాసన చూస్తాడు. తేమ ఎంతో, తాలు ఎంత కలిసిందో, తేజానో 334నో బాడిగో, ఏసీలో దాచిన సరుకో కళ్లం నుంచి నేరుగా వచ్చిందో చెప్పి ముందుకి నడుస్తాడు. తప్పు చెబితే పోయేది ఆయన జేబులో డబ్బే. అందుకే అక్కడ కవిత్వం ఉండదు. "బాగుంది", "బాలేదు", ధర. అక్కడ చూసే చూపులకి 75 డాలర్లు ఎవరూ ఇవ్వరు. తుమ్ములు మాత్రం ఉచితం.

వైనరీలో అసలు అమ్మేది వైన్ కాదు, మట్టి గురించిన మాటలు. గైడు అమ్మాయి తోటలోకి తీసుకెళ్లి ఒక రాయి చేతికిస్తుంది. "చూడండి, ఇది సారం లేని నేల. నీళ్లు నిలవవు. తీగ కష్టపడాలి. కష్టపడ్డ తీగకే మంచి పండు." మనవాళ్ల కళ్లు చెమరుస్తాయి. ఆ రాయిని గుండెలకి హత్తుకుని ఫొటో కూడా దిగుతారు. సారం లేని నేల, నీళ్లు లేక కష్టం, అడుగడుగునా రాళ్లు. ఇదంతా ఎక్కడో విన్నట్టు లేదూ?

పల్నాడు మీద మొదటి రుచి సమీక్ష రాసింది శ్రీనాథుడు. కొండవీటి రెడ్ల ఆస్థానంలో సన్నబియ్యం తిన్న మనిషి, ఈ వైపు తిరిగి వచ్చి రాళ్లని తిట్టాడు, పాముల్ని తిట్టాడు, జొన్నకూడుని మరీ తిట్టాడు. పూతన విషం తాగడం గొప్ప కాదు, బచ్చలికూరతో జొన్నన్నం ఒక్క ముద్ద మింగి చూపించమని సాక్షాత్తూ కృష్ణుడికే సవాలు విసిరాడని ఆయన పేరు మీద చాటువులు ప్రచారంలో ఉన్నాయి. పల్నాటి వీరచరిత్ర రాసిన చేతితోనే! పాపం ఆయన తొందరపడ్డాడు. ఆరొందల ఏళ్లు ఆగి ఉంటే అదే జొన్నని అమెరికా దుకాణాల్లో ఆరోగ్యం పేరుతో ఖరీదైన పొట్లాల్లో చూసేవాడు. అదే రాళ్లని ముద్దు పెట్టుకోవడానికి మన పిల్లలు వీసా తీసుకోవడం చూసేవాడు.

సున్నపురాయి నేల వైన్‌కి గొప్పదట. ఫ్రాన్సులో బుర్గుండీ గొప్పతనమంతా ఆ రాయిదేనని పుస్తకాలు రాశారు. అలాగైతే పల్నాడు కింద ఉన్నదేమిటి? మాచర్ల నుంచి దాచేపల్లి దాకా సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే వచ్చాయా? మన ఇళ్లలో తాతలు పరిచిన నాపరాళ్లు ఏ జాతివి? రాయిలోని ఖనిజం నేరుగా తీగలోకెక్కి గ్లాసులో రుచిగా దిగుతుందన్న మాట నిలవదని అలెక్స్ మాల్ట్‌మన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాడు. ఆయన తాగనివాడు కాదు, సొంతంగా ద్రాక్ష పండించినవాడే. కానీ శాస్త్రవేత్త మాటకి 75 డాలర్లు ఎవరిస్తారు?

నాపాలో రూథర్‌ఫర్డ్ అని ఒక ఊరుంది. ఆ ఊరి దుమ్ము అక్కడి కాబెర్నే రుచిలో తెలుస్తుందని ప్రతీతి. "రూథర్‌ఫర్డ్ దుమ్ము" అని పేరు పెట్టి మరీ పొగుడుతారు. మన అబ్బాయి కూడా ఆ దుమ్ముని గుర్తుపట్టానన్నాడు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పక్కన టీకొట్టులో కూర్చుంటే టీలో, బజ్జీలో, కనురెప్పల మీద, ఆఖరికి చిల్లరడబ్బుల మీద కూడా ఆ ఊరి దుమ్ము స్పష్టంగా తెలుస్తుంది. దాన్ని ఎవరూ గుర్తుపట్టక్కర్లేదు, అదే మనల్ని పట్టుకుంటుంది. ఇన్నోవా అక్కడికి రాగానే అమెరికా జంట అద్దాలు ఎత్తేసి ఏసీ పెంచుతారు.

మనకి కల్చర్ లేదనుకోవడం ఇంకో విడ్డూరం. నాగార్జునకొండ తవ్వకాల్లో రాజభవనం ఉన్న చోట ఒక రాతి స్తంభం దొరికింది. దాని మీద సన్నని గడ్డంతో, పైన బట్ట లేకుండా, చేతిలో కొమ్ము పాత్ర పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటాడు. కాళ్ల దగ్గర మద్యం కుండ. గ్రీకుల మద్యదేవుడు డయోనిసస్ అతనేనని కొందరు పండితులు చెబుతారు. ఇక్ష్వాకుల విజయపురి కాలం, అంటే 1,700 ఏళ్ల కిందటి మాట. రోమన్ బంగారు నాణేలు కూడా అక్కడ దొరికాయి. ఇటలీ ద్రాక్షసారా మన దేశపు రేవుల్లో దిగేదని అంతకు ముందటి నావికుల పుస్తకం చెబుతోంది. కృష్ణ ఒడ్డున మాచర్ల పక్కనే ఇంత కథ ఉంటే, సాగర్‌లో లాంచీ ఎక్కి వెళ్లిన మనవాళ్లు సెల్ఫీ దిగి, మరమరాలు తిని, ఎండగా ఉందని గంటకే తిరుగు లాంచీ ఎక్కారు. ఆ గడ్డపాయన ముందు నిలబడి ఎవరూ ఒక కన్ను మూయలేదు.

కల్లు మాట ఎత్తితే ఇంకా చిరాకు పడతారు. తాడిచెట్టు ఎక్కి దిగేవాణ్ణి అడగండి, ఏ చెట్టు తీపి, ఏ చెట్టు వగరు, చలికాలం ఎలా ఉంటుంది, వైశాఖంలో ఎలా ఉంటుంది అన్నీ చెబుతాడు. దాని ముదురు లేత ఏళ్లలో లెక్కపెట్టరు, గంటల్లో లెక్క. పొద్దున దింపినది తీపి, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి దాని సంగతి అది చూసుకుంటుంది. చెట్టు కిందే తాటాకు రేకలో పోస్తారు, ఆకు వాసనతో సహా. నాపాలో గ్లాసు ఆకారం మారితే రుచి మారుతుందని గంట ఉపన్యాసం విని వచ్చినవాడు, రేకని చూసి "శుభ్రంగా ఉంటుందా?" అని అడుగుతాడు. అక్కడ వందలమంది మూతిపెట్టిన గ్లాసు కడిగి తెస్తే అడగడు.

ఇంత వేళాకోళంలోనూ ఒకచోట మాత్రం నాకు నవ్వు రాదు. ఫిలోక్సెరా కథ దగ్గర. తీగ వేళ్లని పీల్చి చంపే చిన్న పురుగు. 1860ల్లో అమెరికా నుంచి ఫ్రాన్సుకి చేరి తోటలకి తోటలు తుడిచేసింది. ఆ పురుగుని తట్టుకునే అమెరికా వేరుకి ఫ్రెంచి తీగ అంటుకట్టి బతికించుకున్నారు. నాపాలోనూ 1980ల్లో ఒక రకం వేరు మొక్క తట్టుకోలేకపోతే తోటలు పీకి మళ్లీ నాటారు. గైడు ఈ కథ చెబుతుంటే మన జంట ఊపిరి బిగబట్టి విన్నారు. మాకు చెబుతున్నప్పుడు కూడా అబ్బాయి గొంతు కొంచెం పూడింది.

2021లో మన మిర్చి తోటల మీద కొత్తరకం నల్ల తామర పురుగు పడింది. పూతలోనే చేరి పూతంతా రాల్చేసింది. ఏ మందు కొట్టినా లొంగలేదు. కౌలు కట్టి, విత్తనానికీ నారుకీ పెట్టుబడి పెట్టినవాళ్లు నిలబడి ఉన్న తోటని ట్రాక్టరుతో దున్నేసుకున్నారు. అదే అబ్బాయి అప్పట్లో ఫోన్లో పెదనాన్న కొడుకుకి ఇచ్చిన సలహా నాకు గుర్తుంది: "ఆ మిర్చి మానేసి ఇంకేదన్నా వేసుకోవచ్చుగా అన్నా." ఫ్రాన్సువాళ్లని కూడా ఎవరన్నా ఒక ముక్క అడగాల్సింది, ద్రాక్ష మానేసి ఇంకేదన్నా వేసుకోవచ్చుగా అని.

2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలింది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించింది. అప్పటి మారకం ప్రకారం సుమారు 136 డాలర్లు. ఇద్దరు మనుషులు ఒక వైనరీలో ఒక గంట కూర్చుని ఐదు రకాలు రుచి చూడడానికి కట్టింది 150. క్వింటా ఎండుమిర్చి అంటే ఎంతమంది ఆడకూలీలు ఎన్నిసార్లు వంగి కోసిన కాయో, కళ్లంలో ఎన్ని రాత్రులు మంచుకి పట్టా కప్పి కాపలా కాసిన కాయో అడిగితే వాళ్లింట్లో పెద్దాయన చెబుతాడు. అడగాలి. ధర చెప్పడం మనకి కొత్త కాదు. వినుకొండ వల్లభరాయుడి క్రీడాభిరామంలో ఇద్దరు మిత్రులు ఓరుగల్లంతా షికారు చేస్తారు. వాళ్లు కూడా భోగులే. కానీ పూటకూళ్ల ఇంట్లో భోజనం రూకకి వస్తుందని ధరతో సహా చెబుతారు. మన యాత్రికులు వాసన చెబుతారు, మట్టి చెబుతారు, మబ్బు చెబుతారు. ధర దగ్గరికొచ్చేసరికి "మరీ ఎక్కువేం కాదులే" అంటారు. 150 డాలర్ల సంగతి నాకు చెప్పింది కూడా కారు తోలిన అమ్మాయే. కార్డు ఆవిడది.

అబ్బాయి తండ్రి ఆ పెద్దాయన. ఆయనకి నకరికల్లు దగ్గర పొలం. కొడుకు చెబుతున్నదంతా వసారాలో నులకమంచం మీద కూర్చుని విన్నాడు. తోలు, పొగాకు, దుమ్ము, పారిస్ అన్నీ అయ్యేదాకా ఊ కొట్టి, చివర్లో తనకి కావాల్సింది అడిగాడు.

"ఎకరాకి దిగుబడి ఎంతరా?"

"మూడు నాలుగు టన్నులు నాన్నా."

"అంతేనా? మన నాసిక్‌లో పదికి పైన తీస్తారంటగా."

"కావాలనే తగ్గిస్తారు నాన్నా. కాయ పచ్చిగా ఉన్నప్పుడే కొన్ని గుత్తులు కోసి కింద పడేస్తారు. మిగిలినవాటికి రుచి బాగా పట్టాలని."

పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. కాసిన కాయని చేతులారా కోసి పారేయడం ఆయన బుర్రకి ఎక్కడం లేదు.

"కోసినయ్యి ఏం చేస్తారు?"

"ఏం చెయ్యరు. అక్కడే తోటలో ఎండిపోతాయి."

"ఎవరన్నా మేకలోళ్లకి కబురుపెట్టొచ్చు కదరా!"

"గొర్రెలున్నాయి మావయ్యా, ఒక తోటలో నేను చూశాను," అంది కోడలు లోపలినుంచి కాఫీ తెస్తూ. కారు తోలిన మనిషి కాబట్టి ఆమెకి తోటలు కూడా కనబడ్డాయి. "కలుపు తినడానికి వదుల్తారంట."

పెద్దాయన మొహం మొదటిసారి విచ్చుకుంది. మంచం మీద ముందుకి జరిగాడు.

"అట్టా చెప్పు మరి. అక్కడ పొట్టేలు మాంసం కిలో ఎంతుందమ్మా?"